లడఖ్‌లో నెల రోజులు: ఒక టూర్ ప్రోగ్రాం ఫైలు కథ

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనమిలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకంటె బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శి గారు నాకు వేరే పని అప్పగించారు. డెబ్బై మూడో ఏట, నిండు జనవరిలో, కాకినాడ మనిషి లడఖ్ ఎలా వెళ్ళాడు, దానికి ముందు ఏమేం చూసుకున్నాడు, చెప్పమన్నారు. కథకంటె ఏర్పాట్ల గురించే ఎక్కువ చెప్పమన్నారు. నాకూ అదే చేతనవును.

నా సంగతి మీలో చాలామందికి తెలుసు. ట్రెజరీలో నా సర్వీసంతా ఇతరుల ప్రయాణ భత్యం బిల్లులు చూడటంతోనే గడిచింది. ఎవరు ఏ ఊరు వెళ్ళారు, ఎన్ని మైళ్ళు, ఎన్ని హాల్టులు, ఎన్ని గంటలకు బయలుదేరారు, ఇవన్నీ టిక్కు పెట్టి చూసి తప్పుంటే అబ్జెక్షన్ రాసి పంపాను. నేను మాత్రం తిరుపతి, అన్నవరం, పిల్లల చదువులకని హైదరాబాదు తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. ఇందులో గొప్పా లేదు, బాధా లేదు. అలా జరిగిపోయింది.

ఈ ప్రయాణానికి అసలు కర్తను నేను కాను. ఆయన ఈ సభలోనే రెండో వరుసలో కూర్చుని ఉన్నారు. పేరు చెబితే లేచి వెళ్ళిపోతానని ముందే బెదిరించారు కనుక చెప్పను. ఇరవై రెండేళ్ళు నా పక్క సీటు ఆయనది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూసిన తర్వాత సొరుగులోంచి అట్లాసు తీసి లడఖ్ పేజీ చూస్తూ కూర్చునేవాడు. సింధునది మన దేశంలో పారేది అక్కడే కదా, చలికాలంలో దాని మీద మంచు పలకలు తేలుతాయట, అది చూడాలి అనేవాడు. వేసవిలో అందరూ వెళతారు, చలికాలంలో అయితే ఊరు ఊరివాళ్ళదే అనేవాడు. రిటైరైన తర్వాత ఒక ఫైలు తెరిచాడు. టాగు కట్టి, కరెస్పాండెన్సు ఒక పక్క, నోట్ ఫైలు ఒక పక్క, ఆఫీసు పద్ధతిలోనే. అందులో మేమిద్దరం పర్యాటకులం. నేను కోశాధికారిని కూడా.

2022 వేసవిలో ఆయన ముప్పై రోజుల టూర్ ప్రోగ్రాం డ్రాఫ్టు నా ముందు పెట్టాడు. మొదటి రోజు లేహ్. రెండో రోజు చుట్టుపక్కల గొంపాలు, అంటే బౌద్ధారామాలు. మూడో రోజు పాంగాంగ్ సరస్సు. అయిదో రోజు ఖర్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయ. తర్వాత హాన్లే, అక్కడి నక్షత్రశాల. ఏ రోజూ ఖాళీ లేదు. బిల్లయితే కళ్ళు మూసుకుని పాస్ చేసేవాణ్ణి. కాని ఇది బిల్లు కాదు కదా, అందులో ఎక్కేది మా శరీరాలు. అందుకని అలవాటు కొద్దీ పెన్సిలు తీసుకుని ప్రతి ఊరి పక్కనా ఎత్తు రాయడం మొదలుపెట్టాను.

ఇక్కడ కొంచెం ఆగుతాను. వెళ్ళదలచిన వారికి కావలసింది ఇదే. మన కాకినాడ సముద్రమట్టం మీదే ఉంది. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పలచన. మనం ఇక్కడ ఒక శ్వాసలో తీసుకునే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే అక్కడ అందుతుంది. ఢిల్లీలో విమానమెక్కితే గంటంపావు, గంటన్నరలో అక్కడ దింపుతారు. శరీరం ఆ మార్పుకు అలవాటు పడాలంటే కనీసం రెండు రోజులు కదలకుండా ఉండాలి. మన వయసు వారికి నాలుగైదు రోజులు అనుకోవడం మంచిది. ఆ పైన ఎక్కినా, రాత్రి పడుకునే చోటు రోజుకు మూడు నాలుగు వందల మీటర్లకు మించి పెరగకూడదంటారు. మా డ్రాఫ్టు ప్రకారం మూడో రాత్రికే 4,250 మీటర్ల దగ్గర పడుకోవాలి. హాన్లే నక్షత్రశాల 4,500 మీటర్లు. ఖర్దుంగ్ లా కనుమ దగ్గర బోర్డు మీద 18,380 అడుగులని రాసి ఉండేదట. తర్వాత సరిగ్గా కొలిచిన వాళ్ళు 5,359 మీటర్లన్నారు, అంటే 17,600 అడుగులకు కొంచెం తక్కువ. ఎనిమిది వందల అడుగుల తేడాకు ఎవరూ అబ్జెక్షన్ రాయలేదేమిటా అని నాకు ఆశ్చర్యం వేసింది. అడుగులు ఎన్నయినా మా గుండెలకు అది ఎక్కువే.

లేహ్‌లో గది అద్దెకిచ్చే ఒకాయనతో ఫోనులో మాట్లాడాం. మా ప్రోగ్రాం అంతా చదివి వినిపించాను. ఆయన ఓపికగా విని హిందీలో ఒక మాట అడిగాడు. "బాబూజీ, పైకి వెళ్ళడం అంతా రాశారు. ఒంట్లో బాగోలేకపోతే కిందికి ఎలా వస్తారో రాశారా?"

రాయలేదు. ఆ మాట నా తలలో తిరుగుతూ ఉండిపోయింది. ఎత్తు పడనివారికి మొదటి వైద్యం కిందికి దిగడమే. మందులూ, ఆక్సిజనూ దిగేదాకా కాపాడటానికే. వేసవిలో అయితే అప్పటికి రెండు రోడ్లుండేవి, ఒకటి మనాలీ వైపు, ఒకటి శ్రీనగర్ వైపు. చలికాలంలో మనాలీ రోడ్డు మూసేస్తారు. 2020లో అటల్ సొరంగం తెరిచిన మాట నిజమే కాని, అది రోహ్‌తంగ్ కనుమను మాత్రమే తప్పిస్తుంది, దాని తర్వాతి ఎత్తు కనుమలు అలాగే ఉన్నాయి. శ్రీనగర్ వైపు జోజి లా కనుమ మంచు పడితే మూతపడుతుంది. 2023లో మేము వెళ్ళే నాటికి దాన్ని మూసేశారు. 68 రోజుల తర్వాత మార్చి 16న తెరిచారు. ఇక మిగిలింది విమానం. అదీ ఉదయం పూటే, ఎందుకంటే మధ్యాహ్నం తర్వాత ఆ కొండల మధ్య గాలి బలంగా వీస్తుంది. మబ్బు పట్టినా, మంచు కురిసినా ఆ రోజుకు విమానం లేనట్టే.

కాని ఇంకో దారి ఉంది. అది మ్యాపు చూస్తూ మా మిత్రుడే కనిపెట్టాడు. లడఖ్ దాటి వెళ్ళలేకపోయినా, లడఖ్‌లోనే కిందికి దిగవచ్చు. లేహ్ నుంచి సింధు వెంట పడమరకు వెళుతుంటే నేల క్రమంగా పల్లమవుతుంది. నిమ్మూ దగ్గర జంస్కార్ నది వచ్చి కలుస్తుంది. ఆ పైన డెబ్బై కిలోమీటర్ల లోపు ఆల్చి ఊరు, 3,100 మీటర్లు. ఇంకా ముందుకు వెళితే ఖల్సీ, సుమారు 3,000. లేహ్ కంటె నాలుగైదు వందల మీటర్లు తక్కువ. చిన్న తేడాలా కనిపిస్తుంది గాని ఊపిరికి పెద్ద తేడా. ఆ రోడ్డు నదీ లోయలోనే వెళుతుంది కనుక చలికాలంలోనూ బండ్లు నడుస్తాయి.

దాంతో ప్రోగ్రాం తిరగరాశాం. లేహ్‌లో ఏడు రాత్రులు. పల్లపు ఊళ్ళలో పది. మళ్ళీ లేహ్‌లో మూడు. అప్పటికి ఒళ్ళు సహకరిస్తే నుబ్రా లోయలో నాలుగు, ఎందుకంటే దిస్కిత్, హుందర్ ఊళ్ళు లేహ్ కంటె పల్లంలోనే ఉన్నాయి, మధ్యలో ఆ కనుమ దాటడమే కష్టం. పాంగాంగ్, హాన్లే పూర్తిగా కొట్టివేత. మిగిలిన ఆరు రాత్రుల ఎదురుగా ఏమీ రాయలేదు. "రిజర్వు" అని మాత్రం రాశాం. ఖాళీ రోజులకు మా మిత్రుడు ఒప్పుకోలేదు. డబ్బు దండుగ కదా అన్నాడు. బడ్జెట్టులో కంటింజెన్సీ లేకుండా ఏ ఆఫీసయినా నడిచిందా అన్నాను. ఒప్పుకున్నాడు.

అక్టోబరులో ఇద్దరం వైద్య పరీక్షలకు వెళ్ళాం. నాకు రక్తపోటు ఉంది, మాత్రతో అదుపులో ఉంది. డాక్టరు గారు జాగ్రత్తలు చెప్పి సరే అన్నారు. మా మిత్రుడికి 2019లో స్టెంట్ వేశారు. గుండె డాక్టరు గారు ఎకో తీసి చూసి, గుండె కొట్టుకునే బలం తగ్గిందనీ, ఆ ఎత్తుకు, ఆ చలికి వెళ్ళవద్దనీ ఖండితంగా చెప్పారు. ఇంకో డాక్టరును అడిగాం. ఆయనా అదే మాట.

వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. జగన్నాథపురం వంతెన దగ్గర దిగి ఆయన ఇంటికి ఆయన వెళ్ళాడు. నేను వెళ్ళకూడదనే నిశ్చయించుకున్నాను. ఇరవై రెండేళ్ళు అట్లాసు చూసినవాడు ఇంట్లో ఉండగా నేను వెళ్ళి ఫొటోలు తీసుకుని రావడం ఏం న్యాయం? నాలుగో రోజు సాయంత్రం ఆయన ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నోట్ ఫైలు ఆఖరి పేజీలో ఎర్ర సిరాతో తన పేరు తనే కొట్టేసుకున్నాడు. కింద "తదుపరి చర్య నిమిత్తం పంపడమైనది" అని రాసి, నా పేరు రాసి, సంతకం చేసి, తేదీ వేశాడు. నేను వద్దన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "ఏమయ్యా, ఫైలు వస్తే చూడకుండా తిప్పి పంపడం ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడు.

లోపలి నుంచి మా ఇంటావిడ వచ్చి కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టింది. "అన్నయ్యగారి పేరు కొట్టేసిన చోట నా పేరు రాయండి" అంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. మంచు అంటే ఫ్రిజ్‌లో తప్ప ఎరగదు. మా ఆయనకు వంట రాదు, ఒక్కణ్ణే ఎలా పంపుతాననేది పైకి చెప్పిన కారణం.

హైదరాబాదులో మా అబ్బాయి, విశాఖలో మా అమ్మాయి ఇద్దరూ ససేమిరా అన్నారు. మీకేమన్నా అయితే మేమేం చేయాలి అని అమ్మాయి ఫోనులో ఏడ్చింది. వాళ్ళ భయం తప్పని నేననను. దానికి మేము చేసినది ఒకటే. ఫైలు నకలు ఇద్దరికీ పంపాం. ఏ రోజు ఎక్కడ ఉంటాం, అక్కడికి దగ్గరి ఆసుపత్రి ఏది, ఎన్ని గంటల్లో కిందికి దిగగలం, ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలి, అన్నీ గళ్ళు గీసి రాసింది. రోజూ సాయంత్రం ఆరింటికి మా మిత్రుడికి ఫోను చేయాలని, ఆయన పిల్లలకు చెప్పాలని ఏర్పాటు. అప్పుడు మా వైపు ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవన్నారు, అందుకని నెల ముందే పోస్టుపెయిడ్‌కు మార్చుకున్నాం. ఎదురుచూడని సంగతి ఏమిటంటే, కాగితం చూసిన తర్వాత అమ్మాయి కొంత మెత్తబడింది. అల్లుడు గారైతే రెండు గళ్ళలో తప్పులు కూడా పట్టుకున్నారు.

ఇక సామాను. ఇది త్వరగా చెప్పేస్తాను. లేహ్‌లో జనవరి రాత్రులు సగటున మైనస్ పద్నాలుగు డిగ్రీలు. ఒక్క లావు కోటు కంటె పలచటి ఉన్ని బట్టలు మూడు నాలుగు పొరలు వేసుకోవడం మేలు. నూలు బనియను లోపల వద్దు, చెమట పీల్చి ఒంటికి చలి ఎక్కిస్తుంది. నల్ల కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి, మంచు మీద ఎండ కళ్ళకు ప్రమాదం. మంకీ క్యాప్ గురించి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మందుల సంగతి మాత్రం తీరికగా చెప్పాలి. ఎత్తుకు అలవాటు పడటానికి డయామాక్స్ అనే మాత్ర ముందురోజు నుంచీ వాడతారు. డాక్టరు రాస్తేనే వేసుకోండి. సల్ఫా మందులు పడనివారు ఆ మాట తప్పక చెప్పండి. దాని గుణం మూత్రం ఎక్కువ కావడం. మన వయసు మగవారికి ఆ సౌకర్యం అసలే ఎక్కువ. చలికాలంలో అక్కడ కుళాయిల్లో నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి కనుక చాలా ఇళ్ళల్లో నీళ్ళ మరుగుదొడ్లు కట్టేసి, మట్టి చల్లే పాతకాలపు దొడ్డినే వాడతారు. అది తరచు ఇంటికి ఒక చివర ఉంటుంది. రాత్రి మూడుసార్లు ఆ నడక ఎలా ఉంటుందో మీ ఊహకే వదిలేస్తున్నాను. ఇన్సులిన్ వాడేవారు దాన్ని గడ్డకట్టనివ్వకూడదు, ఒకసారి గడ్డకట్టిందంటే కరిగినా పనికిరాదు. ఒంటికి ఆనుకుని లోపలి జేబులో పెట్టుకోవాలి. కట్టుడు పళ్ళు రాత్రి గ్లాసు నీళ్ళలో వేసి కిటికీలో పెట్టే అలవాటు నాది. మొదటి తెల్లవారుజామున నా పళ్ళు గ్లాసుతో సహా మంచు గడ్డలో ఉన్నాయి. పొయ్యి దగ్గర కరిగేదాకా మా ఆవిడ ఏం చెప్పినా నవ్వుతూ తల ఊపడం తప్ప జవాబివ్వలేకపోయాను.

గది వెచ్చచేసే రేకు పొయ్యిని అక్కడ బుఖారీ అంటారు. పడుకునే ముందు ఆర్పేయాలి. తలుపులన్నీ బిగించి బొగ్గులో, గ్యాసు హీటరో రాత్రంతా ఉంచితే వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇది ఫైలులో ఎర్ర గీత కింద రాసుకున్నాం.

జనవరి మొదటి వారంలో సామర్లకోటలో రైలెక్కి ఢిల్లీ చేరి, బంధువుల ఇంట రెండు రోజులుండి, 10వ తేదీ ఉదయం లేహ్‌లో దిగాం. కోవిడ్ రోజుల్లో కొన్న వేలు మిషన్ తీసుకెళ్ళాం. మన ఊళ్ళో 97 చూపించేది అక్కడ దిగగానే నాకు 88, మా ఆవిడకు 86 చూపించింది. అక్కడ మొదటి రోజు అది మామూలేనన్నారు. గదిలో పడుకున్నాం. ప్రోగ్రాంలో మొదటి మూడు రోజుల ఎదురుగా మా మిత్రుడి దస్తూరీతో "గది దాటరాదు" అని ఉంది.

రెండో రోజు మధ్యాహ్నం మంచి ఎండ కాసింది. ఇద్దరికీ తలనొప్పి లేదు. కిటికీలోంచి కొండ మీద లేహ్ రాజభవనం, తొమ్మిది అంతస్తులది, కనిపిస్తోంది. "కొంచెం దూరం నడిచి వద్దాం, ఏమీ కాదు" అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఆవిడ కాదు. బజారు దాటి, పాత ఊరి సందుల్లో మెట్లెక్కాం. సగం దాకా వెళ్ళి తిరిగి వచ్చాం.

రాత్రి తొమ్మిదింటికి ఆవిడకు తలనొప్పి. పదింటికి వాంతి. మిషన్ మీద అంకె 72కు వచ్చింది. ముప్పై ఆరేళ్ళు ఇతరుల తప్పులకు అబ్జెక్షన్ రాసినవాణ్ణి, నా వేళ్ళు వణికి ఫోను నొక్కలేకపోయాను. ఇంటి యజమాని తన బండి తీశాడు. ఆసుపత్రిలో వెంటనే ఆక్సిజన్ పెట్టారు. ఊపిరితిత్తుల్లో నీరు లేదని చూసి చెప్పారు. ఉదయానికి తగ్గకపోతే మొదటి విమానానికి పంపేస్తామన్నారు. బయట బల్ల మీద కూర్చుని మా మిత్రుడికి ఫోను చేశాను. ఆయన ఫైలు తెరిచి, ఏడో గడిలో ఏముందో చదివి వినిపించాడు, ఆక్సిజన్ ఇచ్చారా, ఊపిరితిత్తులు చూశారా, ఉదయం విమానాలు ఎన్నింటికి ఉన్నాయి అని. అన్నీ అయిన తర్వాత అడిగాడు, "గది దాటారా?" దాటామన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "సరే, చెల్లెమ్మ దగ్గరికి వెళ్ళు" అన్నాడు.

తెల్లవారేసరికి 85కు వచ్చింది. తలనొప్పి తగ్గింది. మరో రోజు అక్కడే ఉంచి, ఇక వెనక్కి పోనక్కరలేదు, పల్లపు ఊరికి వెళ్ళి కదలకుండా ఉండండి అన్నారు. రిజర్వు రోజుల్లో మొదటివి అలా ఖర్చయ్యాయి. నేను తిరిగి వెళ్ళిపోదామన్నాను. ఆవిడ వద్దంది. "మీరు చెప్పినట్టు విన్నందుకు ఇలా అయింది. ఇక కాగితంలో రాసినట్టు విందాం" అంది.

16న ఆల్చి పక్కన ఒక ఊరికి దిగాం. దారిలో నిమ్మూ దగ్గర బండి ఆపించి సింధును చూశాం. అంచుల వెంట తెల్లటి గడ్డలు, నడుమ ఆకుపచ్చ నీళ్ళ మీద గుండ్రటి మంచు పలకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. సన్నగా చప్పుడు వస్తుంది, విస్తరాకులు కుట్టేటప్పుడు వచ్చే చప్పుడులాగ. ఫోను ఎత్తి పట్టుకుని మా మిత్రుడికి వినిపించాను.

పది రాత్రులనుకున్నది ఆ ఊళ్ళో పదిహేడు రాత్రులు ఉన్నాం, ఎందుకంటే నుబ్రా కొట్టేశాం. 5,359 మీటర్ల కనుమ మీదుగా ఆవిణ్ణి తీసుకుపోవడానికి నాకు ధైర్యం లేదు. హుందర్ ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు మా మిత్రుడి ముఖ్యమైన కోరిక. చెప్పలేక చెప్పలేక చెప్పాను. "వాడని గ్రాంటు మార్చి 31 లోగా సరెండర్ చేయాలని బడ్జెట్ మాన్యువల్లో ఉంది కదా, సరెండర్ చెయ్యి" అన్నాడు.

ఒక ఊళ్ళో కదలకుండా ఉండటంలో లాభం ఉంది. వంటింట్లో పొయ్యి చుట్టూ ఇంటివాళ్ళతో పాటు కూర్చునేవాళ్ళం. అక్కడ నీళ్ళు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి కనుక ప్రెషర్ కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు. ఆవకాయ నూనె బిగిసి జాడీలోంచి రాలేదు, గోకి తీశాం. ఆ ఇంటి పెద్దావిడ దాన్ని ఖంబీర్ అనే రొట్టెలో పెట్టుకుని తిని కళ్ళు తుడుచుకుని మళ్ళీ అడిగింది. ఉప్పు, వెన్న వేసిన టీ మాత్రం మా ఆవిడకు ఆఖరి దాకా సహించలేదు. చారు అనుకుని తాగమన్నాను, అలా అయితే పోపేదీ అంది.

చలికాలంలో అడవి జంతువులు గడ్డి కోసం పల్లానికి దిగుతాయి. అందుకే కొండ ఎక్కలేని మనలాంటి వారికి వేసవి కంటె అప్పుడే అవి కనబడతాయి. షాపో అనే కొండ గొర్రెలు, పెద్ద వంపు కొమ్ములవి, రోడ్డు పక్క నుంచే మూడుసార్లు చూశాం. మంచు చిరుతను చూడలేదు. 2024 జనవరిలో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో 718 మంచు చిరుతలుంటే అందులో 477 లడఖ్‌వే. వాటిలో ఒక్కటీ మా వైపు రాలేదు. దాని అడుగుల గుర్తులని ఇంటబ్బాయి ఒక ఉదయం చూపించాడు. కుక్కవి కావా అని మా ఆవిడ అడిగింది. వాడు నొచ్చుకున్నాడు.

మన సభలో ఒకరి గురించి తప్పక చెప్పాలి. చెవాంగ్ నోర్ఫెల్ అనే ఆయన అక్కడ ప్రభుత్వ సివిల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. శీతాకాలమంతా వాగుల్లో నీరు వృథాగా పోతుంది. విత్తనాలు వేసే ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళుండవు, పైనున్న మంచు నదులు ఆలస్యంగా కరుగుతాయి. ఆయన ఆ వాగు నీటిని కాలువలతో కొండ నీడకు మళ్ళించి, చిన్న చిన్న అడ్డుగోడలు కట్టి, అక్కడే గడ్డకట్టేలా చేశారు. పల్లంలో ఉంటుంది కనుక ఆ మంచు ముందుగా కరిగి పొలాలకు అందుతుంది. సర్వీసులో ఉండగా మొదలుపెట్టిన ఆ పని రిటైరైన తర్వాతా మానలేదు. 2015లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన్ని మేము కలవలేదు. మా ఇంటి యజమాని చెబుతుంటే విని ఫైలులో రాసుకున్నాను, మీకు చెప్పాలని.

ఫిబ్రవరి 7న మా తిరుగు టిక్కెట్టు. ఆ ఉదయం మంచు కురిసి విమానం రద్దయింది. మర్నాడూ అంతే. మిగిలిన రిజర్వులో రెండు రాత్రులు దానికి పోయాయి. 9న ఎండ కాసింది, వచ్చేశాం. ముప్పై రోజులకు ఒక్క రోజు ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. ఖర్చు అనుకున్నదాని కంటె పదకొండు వేలు తగ్గింది, నుబ్రా బండి అద్దె మిగిలింది కనుక. దాని లెక్క కూడా ఫైలులో పెట్టాను.

కాకినాడ వచ్చిన రోజు సాయంత్రమే ఫైలు తీసుకెళ్ళి మా మిత్రుడికి అప్పగించాను. ఆయన ప్రోగ్రాం కాగితం, నా డైరీ పక్కపక్కన పెట్టుకుని రోజు వారీగా టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. జనవరి 11 ఎదురుగా ఆగి అబ్జెక్షన్ రాశాడు: "అనుమతి లేని ప్రయాణం. సంజాయిషీ కోరడమైనది." మా ఆవిడ సంజాయిషీ రాసిచ్చింది, తప్పంతా మావారిదేనని. నేను కింద సంతకం చేశాను.

ఆ ఫైలు ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉంది. ఎవరైనా వెళ్ళదలిస్తే సాయంత్రం అయిదు తర్వాత వెళ్ళి చూడవచ్చు. ముందు డాక్టరు కాగితం చూపించమంటారు. అది లేకపోతే టాగు విప్పరు. అట్లాసు కూడా అక్కడే ఉంది, కాని దాన్ని ఎవరికీ ఇవ్వరు.